ఒక ప్లేటు ఎక్కువైంది

"మూడు దినాలు నువ్వు పొయ్యి ముట్టద్దు సంగీతా, జెప్తున్న గద" అన్నాడు సురేందర్, వంటింటి గుమ్మానికి భుజం ఆనించి నిలబడి. ఆ మాట ఆయన నోట్లోంచి వస్తున్నప్పుడు గ్యాస్ పొయ్యి మీద నాలుగు మంటలూ మండుతూనే ఉన్నాయి. ఒకదాని మీద పులిహోర పోపు, ఒకదాని మీద పిల్లలకు దారిలోకి గుడ్లు, ఒకదాని మీద సర్వపిండి, నాలుగోదాని మీద ఆ మాట అంటున్న మనిషికి చాయ్. చాయ్ గ్లాసు చేతిలో పడ్డాక ఆయనకు మిగతావి గుర్తొచ్చాయి. "మామిడికాయ తొక్కు మరువకు. రైస్ కుక్కర్ గూడ వెట్టు, ఆడ మన బియ్యం దొరుకుతయో లేదో. చాయ్‌పత్తి, చక్కెర సరే. గా చిన్న కడాయి గూడ వెట్టు, ఎందుకన్న పనికస్తది."

ఎందుకన్న అంటే ఎందుకో సంగీతకు తెలుసు. ఊరు తిరగడమంటే సురేందర్ లెక్కలో వంటింటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకుపోవడం. మోసేది కారు, సర్దేది పెళ్ళాం, పేరు ఆయనది.

పేరు కోసమే ఈ ప్రయాణం కూడా. మస్కట్ పక్కన రుసైల్‌లో ఆయన గోడౌన్ సూపర్‌వైజర్. ఈద్ సెలవులకు పెళ్ళాం పిల్లల్ని మసీరా దీవికి తీసుకుపోతున్నానని నెల ముందు నుంచే గోడౌన్ మొత్తానికి చెప్పుకున్నాడు. అదే గోడౌన్‌లో ఆయన కింద పనిచేసే జిలాని కడప కుర్రాడు, ఈమధ్యనే పెళ్ళాం మున్నీని తెచ్చుకున్నాడు. "కొత్త జంట, పాపం ఏం ఎరుగరు, నా ఎంట రమ్మన్న" అని వాళ్ళను కూడా బయల్దేరదీశాడు సురేందర్. తన దర్జా చూసేవాళ్ళు ఉండాలి కదా, సముద్రం ఒక్కటే చూస్తే ఏం లాభం.

రెండు కార్లు తెల్లారగట్ల అల్ ఖౌద్ నుంచి బయల్దేరాయి. సినావ్ దగ్గర ఆకలవుతోందని కొడుకు రిత్విక్ మారాం చేస్తే రోడ్డు పక్క హోటల్ ముందు ఆగారు. వెయిటర్ మనుషుల్ని చూసి, తలకొకటి చొప్పున ప్లేట్లు పరిచాడు. సురేందర్ మెనూ కాగితాన్ని కంపెనీ కాంట్రాక్టు చదివినట్టు పైనుంచి కిందికి చదివి, పరోటాలు, ఆమ్లెట్లు చెప్పి, చివరికి ఎప్పుడూ చెప్పే మాట చెప్పాడు. సంగీత ముందున్న ప్లేటు అంచును రెండు వేళ్ళతో ముందుకు తోసి, "ఏక్ ప్లేట్ జ్యాదా హై భాయ్, లే జావ్" అన్నాడు.

ఒక ప్లేటు ఎక్కువైంది, తీసుకుపో. వెయిటర్ తీసుకుపోయాడు.

"ఏమక్కా, నువ్వు తినవా?" అంది మున్నీ పక్క కుర్చీలోంచి, కళ్ళు పెద్దవి చేసి.

"ఆమెకు బయటి తిండి పడదమ్మా" అని సురేందరే జవాబిచ్చాడు. "పోరగాండ్లు ఏడ తింటరు? సగం ఇడిసిపెడ్తరు. పారబోస్తమా? ఆమె అందుల్ల తింటది."

"అవును, నాకు పడదు" అంది సంగీత. ఆ అబద్ధం ఆమె నాలుక మీద ఎంత నునుపుగా జారుతుందంటే, చెప్పాక ఆమెకే కాసేపు నిజమనిపిస్తుంది. రిత్విక్ కొరికి వదిలేసిన పరోటా అంచులు, కూతురు లాస్య పక్కకు తీసిపెట్టిన ఆమ్లెట్‌లోని ఉల్లిపాయలు, అన్నీ చల్లారాక ఆమె భాగానికి వచ్చాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ అడగనూ లేదు, ఎదురుగా కూర్చున్నది అమ్మా కాదు.

ఈ ప్లేటు కథ మత్రాలో మొదలైంది. ఆమె మస్కట్‌కు వచ్చిన కొత్తలో, లాస్య ఇంకా చంకలో ఉండగా, ఒక సాయంత్రం మత్రా బజారు చూపించి సముద్రం ఒడ్డు హోటల్లో కూర్చోబెట్టాడు. అప్పటిదాకా ఆమె హోటల్లో కూర్చుని తిన్నది పెళ్ళికి ముందు కరీంనగర్‌లో ఒకట్రెండుసార్లు. చుట్టూ అంతా మగవాళ్ళు, తెలియని భాష, తెలియని వాసనలు. "ఏం తింటవ్?" అని ఆయన అడిగితే మొహమాటంతో "నాకద్దు, ఆకలైతలేదు" అంది. కడుపు నకనకలాడుతూనే అంది. మన దగ్గర మొదటి 'వద్దు'ను ఎవరూ వద్దు అనుకోరు. చుట్టం ఇంటికి పోయి మొదటిసారే విస్తట్లో పెట్టించుకుంటే ఆ మనిషి ఆబగా ఉన్నాడంటారు. వద్దనాలి, ఇంకోసారి అడగాలి, అప్పుడు కొంచెం అనాలి, మూడోసారి వడ్డించాలి. పాలు తాగే పిల్లకు తప్ప ఊళ్ళో అందరికీ తెలిసిన మర్యాద ఇది. సంగీత ఆయన రెండోసారి అడుగుతాడని చూస్తూ కూర్చుంది. సురేందర్ "మంచిది" అన్నాడు. అని వెయిటర్‌ను పిలిచి, ఆమె ముందున్న ప్లేటు వెనక్కి పంపించాడు. ఎదురుగా కూర్చుని బిర్యానీ మొత్తం తిన్నాడు, వేళ్ళు నాకాడు, బాగుందన్నాడు.

ఆ 'మంచిది' శాసనమైపోయింది. ఆ తర్వాత ఏ హోటల్‌కు వెళ్ళినా అడగడం కూడా మానేశాడు. సంగీతకు నవ్వొచ్చేది ఎందుకంటే, ఈ మనిషే జగిత్యాలలో అత్తగారింటికి వస్తే మూడుసార్లు బతిమాలితే తప్ప ముక్క ముట్టేవాడు కాదు. "నాకద్దు అత్తమ్మా, కడుపు నిండింది" అని ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. సంగీత తల్లి ఆ చెయ్యిని తప్పించి, వేళ్ళ సందుల్లోంచి మటన్ జారవిడిచి, "అల్లునికి మొగమాటం" అని మురిసిపోయేది. అంటే ఈయనకు మర్యాద తెలియక కాదు. అది తనకు జరగాల్సిన మర్యాద అని మాత్రమే తెలుసు.

పనిచేసే చోట కూడా సంగీతకు ఇంతకంటే గొప్ప భాగ్యం లేదు. అల్ ఖౌద్‌లో ఒక నర్సరీ బడిలో ఆమె అసిస్టెంట్ టీచర్. మెడలో వేలాడే కార్డు మీద అలాగే ఉంటుంది. అందరూ పిలిచేది మాత్రం ఆంటీ అని. మధ్యాహ్నం గదినిండా పిల్లలకు డబ్బాలు తెరిచి, ముద్దలు పెట్టి, మూతులు తుడిచి, ముక్కులు తుడిచి, ఆఖరికి కడిగిన చేత్తో నిలబడే రెండు చపాతీలు మింగుతుంది. బడి నడిపే మేడమ్ వచ్చే తల్లిదండ్రులందరికీ ఆమెను చూపించి, "సంగీతకు పిల్లలు తింటే చాలు, తన కడుపు నిండిపోతుంది" అని చెబుతుంది. అలా చెప్పిన రోజు సంగీత భోజన విరామాన్ని ఇంకొంచెం కోస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు. ఇంట్లోనూ బళ్ళోనూ వడ్డించేది సంగీతే, కడబంతిలో కూర్చునేదీ సంగీతే. అయినా ఆమెకు అందింది లేదు. సామెత కట్టినవాడు మగవాడై ఉంటాడు.

షన్నా దగ్గర కార్లు ఫెర్రీ ఎక్కాయి. నీళ్ళు పచ్చగా ఉన్నాయి, గాలి చెవులు పట్టుకుని ఊపుతోంది. లాస్య రెయిలింగ్ పట్టుకుని "మమ్మీ, రా, పిట్టలు" అని పిలిచింది. సంగీత లేచేలోగా "అన్నం డబ్బ తియ్యరాదు, ఆకలైతున్నది" అన్నాడు సురేందర్. ఆమె పులిహోర వడ్డించి, చేతులు తుడుచుకుని చూసేసరికి దీవి వచ్చేసింది, పిట్టలు పోయాయి.

మసీరాలో రెండు గదుల ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు, జిలానోళ్ళు పక్క ఫ్లాట్‌లో దిగారు. తలుపు తీయగానే పిల్లలు మంచాలు చూశారు, సురేందర్ ఏసీ చూశాడు, సంగీత చూడకుండా ఉండలేనిది వంటిల్లు. మర్నాడు పొద్దున కళ్ళు తెరవకముందే "చిన్నగ ఉప్మా జేస్తవా, జిలానోళ్ళు గూడ అస్తరు" అన్నాడు. మూడు దినాలు పొయ్యి ముట్టద్దన్న మొనగాడు ఈయనే. కడాయి ఎందుకన్న పనికొచ్చింది. తర్వాత అందరూ బీచ్‌కు వెళ్ళారు. సురేందర్ ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడి, వీడియో కాల్‌లో గోడౌన్ వాళ్ళకు సముద్రం చూపించాడు. సంగీత ఒడ్డున చెప్పులకూ తువ్వాళ్ళకూ కాపలా కూర్చుంది. మున్నీ మోకాళ్ళ దాకా తడిసి వచ్చి, "రా అక్కా, ఎవురెత్తుకపోతారు చెప్పులు?" అని చెయ్యి పట్టుకు లాగింది. సంగీతకు లేవాలనే ఉంది. కానీ తువ్వాలు కోసం రిత్విక్ వస్తాడు, నీళ్ళ సీసా కోసం ఆయన వస్తాడు. ఆమె అక్కడ లేకపోతే వాళ్ళకు దొరకవు, అవి కళ్ళ ముందే ఉన్నా దొరకవు.

మధ్యాహ్నం ఒడ్డునే ఉన్న చేపల హోటల్‌కు వెళ్ళారు. రేకుల పందిరి, బల్ల మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం, అది ఎగిరిపోకుండా నాలుగు మూలలా నీళ్ళ సీసాలు. బల్లల కింద పిల్లులు తిరుగుతున్నాయి. లోపల పెనం మీద పొద్దున పట్టిన చేపలు వేగుతుంటే ఆ వాసన గాలి కన్నా ముందొచ్చి పలకరించింది. షేరీ చేప, తలతో తోకతో సహా, మసాలా పట్టించి ఎర్రగా వేయించినది. సంగీత నోట్లో నీళ్ళూరాయి. ఆమెకు చేపంటే ప్రాణం. పెళ్ళికి ముందు చెరువు చేపలు పడ్డ రోజున తండ్రి పక్కన కూర్చుని తల భాగం తనకే కావాలని పోట్లాడేది. పెళ్ళయ్యాక వేడివేడి చేప తిన్న జ్ఞాపకం లేదు. ఎందుకు లేదో చెబితే నవ్వుతారు.

సురేందర్‌కు చేప ముళ్ళు తీసుకోవడం రాదు. గోడౌన్‌లో లారీలకు లారీలు దింపించే మనిషికి రెండు వేళ్ళతో ముల్లు లాగడం రాదు. సంగీత కాపురానికొచ్చిన మొదటి చేపల కూర రోజున అత్త లస్మవ్వ ఆమెను కొడుకు పక్కన కూర్చోబెట్టి, "మావోనికి ముండ్లు తీసుడు రాదు బిడ్డా. చిన్నప్పటి సంది నేనే తీసిపెడ్తున్న. ఇగ నీకు అప్పజెప్తున్న. మొగోనికి ముల్లు గుచ్చుకుంటె ఆ పాపం ఎవలది?" అంది. పెళ్ళిలో పిల్లను అప్పగించడం చూశాం గానీ, మీసాలొచ్చిన పిల్లవాణ్ణి చేపముళ్ళతో సహా అప్పగించడం సంగీత అక్కడే చూసింది. అప్పటి నుంచి చేప వండిన రోజల్లా ముందు ఆయనది విప్పాలి, తర్వాత రిత్విక్‌ది, తర్వాత లాస్యది. వేళ్ళు ఎండిపోయి, కూర గడ్డకట్టి, చివరికి ఆమెకు మిగిలేది ముళ్ళ దగ్గరి గీకుడు.

వెయిటర్ ఫయాజ్ అనే నవ్వుమొహం మనిషి. అందరి ముందూ ప్లేట్లు పెట్టాడు. సురేందర్ చొక్కా గుండీ సర్దుకుని, జిలాని వింటున్నాడో లేదో చూసుకుని ఆర్డర్ చెప్పాడు. పెద్ద చేప తనకు, పిల్లలకు చెరొకటి చిన్నవి, జిలానోళ్ళకు వాళ్ళు చెప్పుకుంటారు. చెప్పి, సంగీత ముందు ప్లేటును రెండు వేళ్ళతో తోశాడు.

"ఏక్ ప్లేట్ జ్యాదా హై భాయ్, లే జావ్."

ఫయాజ్ చెయ్యి చాపాడు. అప్పుడు బల్లకు అటువైపు నుంచి ఇంకో ప్లేటు జరిగింది. లాస్య తన ప్లేటును, సరిగ్గా రెండు వేళ్ళతో, ముందుకు తోసింది.

"నాది గూడ అద్దు డాడీ. నేను తమ్మునిదాంట్ల తింటా" అంది. కొంచెం ఆగి, పెద్ద మనిషిలా గొంతు తగ్గించి, "నాకు బయటి తిండి పడదు" అంది.

అంటూ తల్లి వైపు చూసింది. మెచ్చుకుంటుందేమోనని చూసింది. ఆ వెంటనే పిల్ల కళ్ళు లోపలి పెనం వైపు పోయాయి. పొద్దున ఉప్మా సగం తిని బీచ్‌లో గంతులేసిన పిల్ల, ఆకలి మొహం మీదే కనబడుతోంది.

సురేందర్ పొంగిపోయాడు. "సూడు జిలానీ, నా బిడ్డ ఎంత సమజ్‌దారో. అచ్చం తల్లి పోలిక" అని పిల్ల జుట్టు చెరిపాడు.

తల్లి పోలిక. ఈ మాటతో సంగీతకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఇన్నేళ్ళూ ఆయన మీద ఆమెకున్నది కోపమని అనుకునేది. కోపం కాదు, అసహ్యం. మొగుడన్నవాడు ఒక ప్లేటు మిగిలిస్తే గెలిచినట్టు మురిసిపోవడం చూసి లోలోపల ఉమ్మేసుకుంటూ, పైకి నవ్వుతూ కూర్చుంది. లోపలి ఉమ్ము ఎవరికీ కనబడదు. లాస్యకు కనబడింది నవ్వే. వద్దనడమే ఆడదాని గొప్పతనమని ఈ పిల్లకు బడిలో నేర్పలేదు, నాయనమ్మ నేర్పలేదు, తండ్రికి అంత తీరికా లేదు. ప్రతి హోటల్లో, ప్రతి బల్ల దగ్గర, పక్కన కూర్చుని తనే నేర్పింది. రేపు ఇంకెవడో ఒకడు 'మంచిది' అంటాడు. ఈ పిల్ల వాడికెదురుగా కూర్చుని రెండోసారి అడుగుతాడని చూస్తుంది.

"ఫయాజ్ భాయ్" అని, రెండు ప్లేట్లూ పట్టుకుపోతున్నవాణ్ణి పిలిచింది సంగీత. ఆమె గొంతు అలా బయటికి రావడం ఆమెకే కొత్త. "ఆ రెండు ప్లేట్లు వాపస్ తీసుకురండి" అని హిందీలో చెప్పింది. "పెద్ద షేరీ ఒకటి నాకు. ఇంకోటి నా బిడ్డకు. తలలతోనే. వేడిగా."

సురేందర్ నవ్వాడు, జోకు అనుకుని. "ఏందే, నీకు పడదు గద."

"ఎవరు చెప్పిన్రు?"

"నువ్వే చెప్పినవ్."

"మత్రాల ఒక్కసారి చెప్పిన. మల్లొకసారి అడిగినవా?"

జిలాని నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. మున్నీ మాత్రం "మాకూ చెరొక చేప, అన్నా. తలకాయల్తోనే" అని ఫయాజ్‌కు చెప్పి, బల్ల కింద సంగీత చెయ్యి నొక్కింది.

చేపలొచ్చాయి. పెద్ద పళ్ళెంలో అన్నం, మధ్యలో నిమ్మచెక్కలు, తలకొక చేప. నూనె ఇంకా చిటపటలాడుతోంది. సంగీత లాస్య ప్లేటు దగ్గరికి లాక్కుని, "సూడు బిడ్డా, నేను తీసిపెట్ట, నేర్పిస్త" అంది. వెన్ను దగ్గర వేలు ఎక్కడ పెట్టాలో, ముల్లు ఎటు లాగితే మొత్తం ఊడివస్తుందో చూపించింది. లాస్య నాలుక బయటపెట్టి శ్రద్ధగా లాగింది. ముల్లు దువ్వెనలా చేతిలోకొచ్చింది. పిల్ల కేరింత కొట్టింది. "తమ్మునికి గూడ నేర్పు" అంది సంగీత. అని తన ప్లేటు ముందుకు తీసుకుని, తల విరిచి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక కాలింది. ఎంత బాగుందో.

సురేందర్ తన చేప ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి దగ్గాడు. ప్లేటును సంగీత వైపు కొంచెం జరిపాడు. ఆమె చూడలేదేమోనని మళ్ళీ జరిపాడు. "ముండ్లు" అన్నాడు.

"చేతులున్నయి గద" అంది సంగీత నములుతూనే.

జిలాని, మున్నీ తలలు వంచుకుని తింటున్నారు. రిత్విక్ ముల్లు లాగి చూపిస్తూ "డాడీ, నాకచ్చింది, నాకచ్చింది" అని అరుస్తున్నాడు. గోడౌన్ సూపర్‌వైజర్ మొహం ముడుచుకుపోయింది. ఒక్క వేలితో చేపను పొడిచి చూశాడు, వేలు కాలి వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ వెనక్కి జరిపి, చేతులు కట్టుకుని, పందిరి బయటికి చూశాడు. ఆ మొహం సంగీతకు బాగా తెలుసు. జగిత్యాలలో అత్తగారింట్లో, అడ్డం పెట్టిన చేతి వెనక ఉండే మొహమే అది.

"నాకద్దు" అన్నాడు. "ఆకలైతలేదు. నేను తిన."

మున్నీ నమలడం ఆపింది. ఇప్పుడేం జరగాలో అక్కడున్న ప్రతి తెలుగు మనిషికీ తెలుసు. ఆమె చెయ్యి తుడుచుకోవాలి, గట్లనకు అనాలి, జర తిను అనాలి, ముల్లు తీసి ముద్ద చేసి ఆయన ముందు పెట్టాలి. ఆయన ఇంకోసారి వద్దనాలి. ఆయన అందుకోసమే పక్కకు తిరిగి, చెవి మాత్రం ఇటువైపు పెట్టి కూర్చున్నాడు. లాస్య చేతిలో ముద్ద పట్టుకుని తల్లి మొహమే చూస్తోంది.

సంగీత ఆయన వైపు చూసి, "మంచిది" అంది.

అని ఎడమ చేతి రెండు వేళ్ళతో ఆయన ప్లేటు అంచును ముందుకు తోసి, అటుగా పోతున్న ఫయాజ్‌ను పిలిచింది.

"ఏక్ ప్లేట్ జ్యాదా హై భాయ్, లే జావ్."